నాది తొమ్మిదే అన్నా!

హన్మకొండలో ఇప్పుడు 'బాగున్నారా' అని ఎవరూ అడగడం లేదు. 'డి ఎంతుంది?' అంటున్నారు. మోకాలు నొప్పికి డి, జుట్టు రాలితే డి, షుగరుకు డి, అల్లుడు ఫోనెత్తకపోతే పట్టే దిగులుకూ విటమిన్ డి.

ఈ వైభవం చూడాలంటే పొద్దున ఐదింటికి భద్రకాళి బండ్ మీదికి రావాలి. ఇంకా తెల్లారదు. నెత్తిన టోపీ, చేతులకు గ్లౌజులు, మెడకు మఫ్లర్. ఎండ కోసమే వచ్చారట! చర్మంలో డి తయారవ్వాలంటే బాగా ఎండెక్కాలి. అప్పటికి వీళ్లు కారద్దాలెత్తి ఏసీలో ఉంటారు. ఆ కిరణాలు అద్దం దాటవు.

"నాది పన్నెండే అన్నా."

"గంతేనా? నాది తొమ్మిది."

తొమ్మిదాయన ఛాతీ అంగుళం పెరిగింది. అంతలో వెనక నుంచి రిటైర్డ్ సారొకాయన "నాలుగు పాయింట్ రెండు" అన్నారు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. ముప్పై అయిదు, అంటే సరిపడా డి, వచ్చినాయన ఒకడున్నాడు. ఆయన ల్యాబ్ మంచిది కాదని తీర్మానించి, ఇంకో ల్యాబ్ అడ్రస్ చెప్పారు.

డి బాగా తగ్గితే పిల్లలకు కాళ్లు వంకరపోయే రికెట్స్ వస్తుంది, పెద్దలకు ఎముకలు మెత్తబడతాయి. నిజమే. మిగతా జబ్బులవాళ్లకూ డి తక్కువే కనిపిస్తుంది. మంచం పట్టినవాడికి ఎండ ఎక్కడ తగులుతుంది మరి? అమెరికాలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. డి వేసుకున్నవాళ్లలో క్యాన్సర్లూ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదని 2018లో తేల్చారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే ఈ డి రక్తపరీక్ష అక్కర్లేదని అక్కడి హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. ఆ కబురు తెచ్చిన రైలు కాజీపేటలో ఆగినట్టు లేదు. మనవాళ్లు వారానికొకటి తాగాల్సిన 60,000 యూనిట్ల సాషేను రోజుకొకటి చొప్పున తాగుతున్నారు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తే అప్పుడు చూసుకుంటారు కాబోలు.

ఈ ఊళ్లో నిజంగా ఎండ తగలనిది ఇంటర్ హాస్టల్ పిల్లలకు. చీకట్లో లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెడతారు. మూడో అంతస్తు గదికి ఉన్న ఒక్క కిటికీకీ ర్యాంకర్ల ఫ్లెక్సీ అడ్డం! ఎముక గట్టిపడే వయసయ్యా అది! గ్రౌండ్ లేని కాంప్లెక్సుకు పర్మిషన్ ఎవడిచ్చాడు? గ్రౌండ్ ఎక్కడని అడిగితే రెండో టర్మ్ ఫీజు ఎప్పుడు కడతారని అడుగుతారు, సిగ్గులేకుండా. ఆ తొమ్మిదాయన కొడుకూ అక్కడే ఉన్నాడు. ఔటింగ్ నాడు వాడి చేతిలో నాలుగు సాషేలు పెట్టి వస్తాడు. సాయంత్రం ఒక గంట బయట ఆడనివ్వండని మాత్రం వార్డెన్‌ను అడగడు.