ఇంటి వీడియోకు ముందు కావలసింది కత్తెర

బిడ్డ తొలి అడుగులు వేసిన రోజున తీసిన వీడియో పదకొండు నిమిషాలుంటుంది. అందులో ఆ అడుగులు ఇరవై సెకన్లు. మిగతాదంతా ఎదురుచూపు, కదిలిపోయిన కెమెరా, నేల. ఆ ఇరవై సెకన్లను బయటికి తీయడమే ఇంటి ఎడిటింగ్‌లో ముప్పాతిక పని. కోయడం, వరుసలో పెట్టడం, శబ్దం సరిచేయడం, పైన తేదీ రాయడం: ఈ నాలుగూ తడుముకోకుండా చేయగలిగితే అది సులువైన సాఫ్ట్‌వేర్. వందల స్టిక్కర్లు, ఒక దృశ్యం నుంచి మరోదానికి మారేటప్పుడు వచ్చే మెరుపుల ట్రాన్సిషన్లు చూపి సులువు అని చెప్పుకునేవాటిని నేను నమ్మను. వాటి మధ్య కత్తెర గుర్తును వెతుక్కోవలసి వస్తుంది.

ఆపిల్ పరికరాలున్నవారు ఐమూవీతో మొదలుపెట్టడం మేలు. 1999లో వచ్చిన ఈ ఎడిటర్ నేటికీ ఆ నాలుగు పనుల చుట్టూనే తిరుగుతుంది. విండోస్ 11లో క్లిప్‌చాంప్ అనే ఎడిటర్ ఉంది. షాట్‌కట్, ఓపెన్‌షాట్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, అంటే వాటి కోడు అందరికీ తెరిచి ఉంటుంది. చూడ్డానికి కాస్త మోటుగా ఉన్నా వీడియో మీద తమ ముద్ర వేయవు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ గొప్పదే, సినిమావాళ్లు వాడే పనిముట్టు. పుట్టినరోజు వీడియో కోసం దాన్ని నేర్చుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. పాత కంప్యూటర్ దాని బరువు మోయలేదు కూడా.

అసలు చిక్కు చివర్లో ఉంటుంది. కొన్ని ఎడిటర్లు ఉచితంగా ఎడిట్ చేయనిస్తాయి, ఎగుమతి దగ్గరికి, అంటే పూర్తయిన వీడియోను ఒక ఫైలుగా బయటికి తీసే దగ్గరికి వచ్చేసరికి వాటర్‌మార్క్, అంటే తమ ముద్ర, వేస్తాయి, లేదా డబ్బు అడుగుతాయి. మూడు రాత్రుల శ్రమ అప్పటికే అందులో ఇరుక్కుని ఉంటుంది. ఇది నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి. అందుకే మొదటి రోజే రెండు నిమిషాల క్లిప్పు తీసుకుని, కోసి, ఎక్కడైనా ఆడే ఎంపీ4 ఫైలుగా ఎగుమతి చేసి, మరో పరికరంలో ఆడించి చూడాలి. ఫోను వీడియోలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య, చాలాసార్లు నిలకడగా ఉండదు, కొన్ని ఎడిటర్లలో మాట ఒకచోట, పెదవి మరోచోట పడతాయి. ఆ లోపం ఈ పరీక్షలోనే బయటపడవచ్చు. అతి స్పష్టమైన 4కే ఫుటేజీతో కంప్యూటర్ ఆగి ఆగి నడిస్తే, అంతకన్నా తక్కువ స్పష్టత గల 1080పీలో తీసుకోవడమే నయం. పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి, ఇంటి జ్ఞాపకానికి ఆ స్పష్టత చాలు.

మరొకటి, చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది. చాలా ఎడిటర్లలో, మీ ఎడిటింగ్ పనిని దాచే ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు, ఏ క్లిప్పు ఎక్కడ కోయాలన్న సూచనలే ఉంటాయి. అసలు క్లిప్పుల ఫోల్డరు పేరు మార్చినా అది దారి తప్పవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌నే కంపెనీ నిలిపివేస్తే ఆ ఫైలు తెరుచుకోవడమే కష్టం. ఎన్నో ఇళ్లకు ఎడిటింగ్ నేర్పిన విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో నిలిపివేసింది. ఎగుమతి చేసుకున్న వీడియోలు మిగిలాయి, సగంలో వదిలేసిన ప్రాజెక్టులు చిక్కుల్లో పడ్డాయి. కాబట్టి పూర్తయిన ఎంపీ4తో పాటు కోయని అసలు ఫుటేజీని కూడా వేరే డ్రైవులో దాచాలి.

శబ్దం గురించి ఒక్క మాట. సంగీతాన్ని, మాటను వేర్వేరు ట్రాకుల్లో ఉంచి విడివిడిగా తగ్గించుకోనివ్వని ఎడిటర్‌ను, మిగతా అన్నీ బాగున్నా, పక్కన పెట్టేయండి. పదేళ్ల తర్వాత ఆ వీడియో తెరిచేవారు వెతికేది నేపథ్య సంగీతాన్ని కాదు, కెమెరా వెనక నుంచి "ఇటు రా, ఇంకొక్క అడుగు" అని పిలిచిన గొంతును.