జాకెట్టు కుట్టుకూలిలో లెక్కకు రానివి

వేలకు వేలు పోసి పట్టుచీర కొన్నవాళ్లు కూడా జాకెట్టు కుట్టుకూలి దగ్గరికొచ్చేసరికి బేరం మొదలుపెడతారు. "గంటన్నర పనికి ఇంతా?" అంటారు. మిషన్ తిరిగేది గంటన్నరే కావచ్చు, మరి మిగతా పని ఎవరి ఖాతాలో వేయాలి?

అసలు పనితనమంతా కత్తెర పట్టకముందే ఉంటుంది. చీరతో వచ్చే ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు, మహా అయితే మీటరు. అందులోనే రెండు చేతులకీ అంచు రావాలి, వీపు మీద బుటా సరిగ్గా మధ్యకి పడాలి, మోచేతుల దాకా చేతులు కావాలంటే గుడ్డ చాలుతుందో లేదో ముక్క పరచి చూసి అప్పటికప్పుడే చెప్పేయాలి. ఆది జాకెట్టు ఇస్తారు, అదేమో రెండేళ్ల కిందటిది, ఈలోగా మనిషి కాస్త ఒళ్లు చేసి ఉంటుంది. ఆ సంగతి నొప్పించకుండా అడిగి, మళ్లీ టేపు పెట్టి, రేపు వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదిలి కత్తిరించాలి. కాటన్ లైనింగ్‌ని ముందే తడిపి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది, కుట్టు ఎంత బాగున్నా సరే.

ఇక కత్తెర ఒక్కసారి తప్పితే? గద్వాల చీరకో పోచంపల్లి ఇక్కత్‌కో సరిగ్గా అదే రంగు, అదే నేత ముక్క బజార్లో దొరకడం కష్టం. ఆ టెన్షన్ మొత్తం టైలర్ నెత్తిమీదే. నన్నడిగితే, కుట్టుకూలిలో మనం అసలు ధరే కట్టనిది దీనికే.

ఖర్చులూ అంతే. రంగుకొక దారం రీలు, మాస్టర్‌కి పీసు రేటు, హుక్కులు, హెమ్మింగ్ చేసే ఆడవాళ్లకి పీసుకింత, అద్దె, కరెంటు. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు లేవని అద్దె ఆగదు. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతానికి అందరికీ ఒకేసారి కావాలి, అర్ధరాత్రి దాటేదాకా మిషన్ ఆగదు, ఆ అర్జంటుకి అదనంగా అడిగితే మాత్రం మొహం మాడ్చుకుంటారు.

ఇంట్లో కుట్టే ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. "ఖాళీగానే ఉంటుంది కదా" అని సగం రేటే ఇస్తారు, ఆవిడ కూడా తన కూలి తాను లెక్క వేసుకోదు, చివరికి వీధిలో అందరి రేటూ అక్కడే ఆగిపోతుంది.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీలూ ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేకుండా రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం. మంచిదే, కాదనను. కానీ ఆ అప్పు తీర్చాల్సింది మళ్లీ కుట్టుకూలితోనే కదా! రేటు పెరగకపోతే కొత్త మిషన్ మీద ఇంకా ఎక్కువ గంటలు కూర్చోవడమే మిగులుతుంది.

అందుకే టైలర్లు రసీదు మీద కటింగ్, లైనింగ్, కుట్టు, అర్జంట్ విడివిడిగా రాయాలని నా అభిప్రాయం. సగం డబ్బు ముందే తీసుకోవాలి కూడా, ఎందుకంటే కుట్టించుకుని నెలల తరబడి తీసుకెళ్లని జాకెట్లకి మాస్టర్ కూలి ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు.