పరాభవ ఉగాది, మాస్టారి సిమ్ము

ఈ ఏడాది పేరు పరాభవ అని తెలిసినప్పుడే ఇక్కడ అమెరికాలో మా తెలుగు సంఘం కమిటీలో జోకులు మొదలయ్యాయి. పండగ మార్చి 19, గురువారం. మనకి ఏ పండగైనా శనివారమే కాబట్టి 21న చేసుకున్నాం. గుమ్మానికి మామిడాకులు, బుల్లి ప్లాస్టిక్ కప్పుల్లో పచ్చడి, పంచాంగ శ్రవణం, ఆ తర్వాత పిల్లల డాన్సులు, వీటన్నిటికీ ముందు మన సంఘం ఆనవాయితీ ప్రకారం ముప్పావుగంట ఆలస్యం. నేను రాయబోయేది ఆ ముప్పావుగంటలో జరిగింది. వచ్చినవాళ్ళందరూ చూశారు. చాలామంది ఈపాటికి మర్చిపోయి కూడా ఉంటారు.

మైకు సరిచేస్తున్నారు. మాస్టారు (పేరు అక్కర్లేదు, మన సంఘంలో మాస్టారంటే ఒక్కరే) స్టేజి మెట్ల దగ్గరికొచ్చి యాంకర్ కుర్రాడికి ఫోన్ చూపించారు. "బాబూ, రాత్రి ఏదో అప్‌డేట్ అయింది. అప్పట్నుంచీ ఇండియా సిమ్ము కనపడట్లేదు. కాస్త చూస్తావా?" అన్నారు. ఆ మాట మైకులో పడింది. కుర్రాడు చనువు కొద్దీ, "మీతోపాటు సిమ్ము కూడా రిటైరైందేమో మాస్టారూ! మీ అబ్బాయికి చెప్పి కొత్త ఫోన్ కొనిపించుకోండి" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ముందు వరసలో కూర్చుని, కాస్త గట్టిగానే.

మాస్టారూ నవ్వారు. ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. పంతులుగారు ఏ రాశికి రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చదువుతుంటే ఎందుకో తిరిగి చూశాను. కుర్చీ ఖాళీ. భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. పండగపూట మన పందిట్లోంచి ఒక పెద్దాయన ఖాళీ కడుపుతో వెళ్ళిపోతే, మన అమ్మమ్మల కాలంలో అయితే ఆ రోజు ఇంకెవరికీ ముద్ద దిగేది కాదు. మేం మాత్రం రెండోసారి పులిహోర వడ్డించుకున్నాం.

రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మీద పడే హాలు మనది. అందులో ఒక్కరం లేవలేదు. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మాత్రం సలహాల వాన. రోమింగ్ ప్యాక్ వేయించమని ఒకరు, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్యమని ఇద్దరు, ఆ కంపెనీ ఫోన్లంతేనని మిగతావాళ్ళు. ఆయన ఇంటికి వెళ్తానన్న మాట ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు. తెల్లారి పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళానంటే అది మంచితనం కాదు, రాత్రి నిద్ర పట్టకపోవడం వల్ల.

నిన్నటి సంగతి ఎత్తబోయాను. "ముందు ఇది చూడమ్మా" అని ఫోన్ నా ముందుకు తోశారు. తెర పైన ‘నో సిమ్’ అని ఉంది.

రోమింగ్ సలహా ఇచ్చినవాళ్ళు గమనించాల్సింది ఈ రెండు మాటలే. ‘నో సర్వీస్’ అంటే ఫోన్ కార్డుని చూసింది, టవర్ దొరకలేదని. ‘నో సిమ్’ అంటే లోపల కార్డున్న సంగతే ఫోన్‌కి తెలియదని. రెండోదానికి రోమింగ్ ప్యాక్ వెయ్యడం, తాళం పడిన ఇంటి ముందు భోజనం పెట్టి రావడంలాంటిది.

ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీశాం. ఫోన్ పూర్తిగా ఆపి, కాసేపాగి, మళ్ళీ వెలిగించాం. ఏం మారలేదు. ట్రే తియ్యడానికి నా దగ్గర పిన్ను లేదు, చెవి దిద్దు శీల తియ్యబోతుంటే మాస్టారు కళ్ళజోడు పెట్టెలోంచి పిన్ను తీసిచ్చారు. ఫోన్ కొన్నరోజు నుంచీ అందులోనే ఉందట! కార్డు తీసి, బంగారు రంగు గీతలవైపు మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, సరిగ్గా కూర్చోబెట్టి పెట్టాం. ఊహూఁ.

అప్పుడు ఆయన క్యాలెండర్ కాగితం తిరగేసి పెన్సిలు తీశారు. లెక్కల మాస్టారు కదా. "తెలియనివి రెండున్నాయి. కార్డు పాడైందా, ఫోన్ పాడైందా. రెండు తెలియనివి ఉంటే ఎన్ని సమీకరణాలు కావాలి?" అని నన్ను అడిగారు, తొమ్మిదో తరగతి పిల్లని అడిగినట్టు. రెండు. ఈ కార్డు వేరే ఫోన్‌లో పెట్టాలి. వేరే కార్డు ఈ ఫోన్‌లో పెట్టాలి.

చెప్పినంత సులువు కాలేదు. నాది సిమ్ము పెట్టే ట్రేనే లేని ఫోన్. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర్నుంచీ ఇక్కడ అమ్మే మోడళ్ళు ఈసిమ్‌తోనే (విడిగా కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్ము) వస్తున్నాయి. ఆయన కొడుకూ కోడలూ వాడేవీ అవే. చివరికి డ్రాయర్ అడుగున ఒక పాతకాలం ఫోన్ దొరికింది. కార్డుని అడాప్టర్‌లో ఇరికించి పెడితే పేరు కనపడింది, కంపెనీ పేరు! మాస్టారి మొహం వెలిగింది. టవర్ మాత్రం రాలేదు. ఎందుకంటే అది 3జీ ఫోన్, 2022లోనే ఇక్కడి పెద్ద కంపెనీలు 3జీ మూసేశాయి. మనకి కావలసింది అది కాదు, కార్డు బతికే ఉందని తేలింది. మొదటి సమీకరణం అయింది. మనవడి పగిలిన 4జీ ఫోన్ వెతికి అందులో పెడితే, రెండు నిమిషాల తర్వాత మెసేజీలు ఒకదాని వెనక ఒకటి టింగుటింగుమన్నాయి. బ్యాంకు ఓటీపీ కూడా ఉంది, గడువు దాటిపోయింది. అయినా ఆయన ఆ అంకెల్ని రెండుసార్లు పైకి చదివారు.

రెండో సమీకరణానికి ఎప్పుడో కనెక్షన్ మూసేసిన ఒక సిమ్ము పనికొచ్చింది. వాడుకలో లేని కార్డైనా ఫోన్ గుర్తించాలి, సర్వీసు లేదని చెప్పాలి. మాస్టారి ఫోన్ దాన్ని కూడా చూడలేదు. అంటే తప్పు ఫోన్‌ది. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, వచ్చింది. అది ఖాళీగా ఉంటేనో, సెట్టింగ్స్‌లో బేస్‌బ్యాండ్ ‘అన్‌నోన్’ అని ఉంటేనో ఇంట్లో కూర్చుని చేసేదేం లేదు, సర్వీస్ సెంటర్‌కి పోవాల్సిందే. ఫోన్‌లో టవర్‌తో మాట్లాడే భాగం మోడెమ్. దానికి తనదైన సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది, బేస్‌బ్యాండ్ అని చూపించేది దాన్నే. పెద్ద అప్‌డేట్‌లో ఫోన్ని నడిపే సాఫ్ట్‌వేరూ మారుతుంది, తరచుగా మోడెమ్‌దీ మారుతుంది. రెంటికీ పొసగకపోతే మంచి కార్డుని పట్టుకుని కూడా లేదంటుంది.

నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాం. (వైఫై పాస్‌వర్డులు పోతాయి, ముందే రాసిపెట్టుకోండి. కోడలు పిల్ల వచ్చి మళ్ళీ కొట్టింది. ఈసిమ్ ఉన్నవాళ్ళు ‘ఎరేజ్ ఈసిమ్’ అన్నదాని జోలికి పోకండి.) అదీ పనిచెయ్యలేదు. ఆఖరికి సిస్టమ్ అప్‌డేట్ పేజీలోకి ఊరికే వెళ్తే, పెద్దదాని వెనకాలే కంపెనీ పంపిన చిన్న అప్‌డేట్ ఒకటి ఎదురుచూస్తోంది. అది ఎక్కించి, ఫోన్ లేచాక సిమ్ము పెట్టాం. రెండు గీతలు, మూడు గీతలు. మాస్టారు పెన్సిలు కింద పెట్టారు.

ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమన్న ఇద్దరికీ ఇదే చెప్పాలి. కొట్టి ఉంటే బ్యాంకు యాప్ పోయేది. దాన్ని తిరిగి పెట్టుకోవాలంటే ఆ సిమ్మునుంచే మెసేజ్ వెళ్ళాలి. ఆ సిమ్మునే ఫోన్ చూడట్లేదు. చెరువులో పడ్డ తాళంచెవి కోసం చెరువుకే తాళం వేసినట్టయ్యేది. డూప్లికేట్ సిమ్ము తెప్పించుకోవడం కూడా మనం అనుకునేంత తేలిక కాదు. మామూలుగా అయితే మనిషి అక్కడ ఎదురుగా ఉండాలి.

అసలు ఆ నంబరు ఏమిటో కూడా చెప్పాలి. 2004లో తెనాలిలో తీసుకున్నది. పింఛను, బ్యాంకు, ఆధార్ అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి. బ్యాంకులో నంబరు మార్చుకుందామన్నా చాలాచోట్ల ముందు పాత నంబరుకే ఓటీపీ పంపుతారు. ఇప్పుడు అమెరికా నంబరుతో కూడా ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకి (ప్రవాసులకి ఇండియా బ్యాంకుల్లో ఉండేవి) యూపీఐ పెట్టుకోవచ్చు కదా అంటారు కుర్రాళ్ళు. నిజమే, 2023 నుంచి ఆ వీలుంది. కానీ సెప్టెంబరు 5న పాత శిష్యులు ఫోన్ చేసేది తెనాలి నంబరుకే. వాట్సాప్‌లో కాదు, మామూలు కాల్. అదీగాక ప్రీపెయిడ్ సిమ్ము 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడుండి, ఖాతాలో 20 రూపాయలైనా లేకపోతే, ట్రాయ్ (ఇండియాలో టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కంపెనీ దాన్ని ఆపెయ్యొచ్చు. తర్వాత ఆ నంబరు ఇంకొకరి చేతికి పోతుంది. "నా పేరు అడిగి, రాంగ్ నంబరని పెట్టేస్తారు" అన్నారు మాస్టారు, క్యాలెండర్ కాగితం మడతపెడుతూ.

నాకు ఊరిమీద లేనిపోని మమకారమేం లేదు. అక్కడి సెల్ షాపు కుర్రాడు కార్డుని చొక్కాకి తుడిచి, ఉఫ్‌మని ఊది, పెద్ద సిమ్ముని కత్తెరలాంటి మిషన్‌లో నొక్కి నానో చేసిచ్చేవాడు. అది గాడిలో కూర్చుంటే ఒట్టు. పిన్ నంబరు అందరిముందూ పైకి అడిగేవాడు. కానీ ముందు స్టూలు లాగేవాడు. "కూర్చోండి మాస్టారూ, టీ తాగుతారా?" అనేవాడు. పని అయ్యేదాకా ఆయన్ని నిలబెట్టేవాడు కాదు, అయ్యాక డబ్బులు తీసుకోడానికి సిగ్గుపడేవాడు, మీ దగ్గరే చదువుకున్నా కదండీ అని. ఆ స్టూలు మనకి ఇక్కడ ఎందుకు లేదా అని కారు నడుపుతూ ఆలోచించాను. సరే, కొంచెం మమకారం ఉందనే ఒప్పుకుంటాను.

కుర్రాళ్ళవైపు నుంచి కూడా చెప్పాలి. యాంకర్ కుర్రాడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. పాపం చాలా బాధపడ్డాడు. ఆ తర్వాత ఒక మాటన్నాడు, కొట్టిపారెయ్యలేను: "ఆంటీ, ఒకసారి ముట్టుకుంటే ఆ ఫోన్ జన్మంతా మనదే. మొన్న ఒక అంకుల్‌ది ప్రింటర్ చూశా, నెల తర్వాత ఆయన ఈమెయిల్ పోతే నన్నే అడిగారు." ఫొటోలు పోతే నింద వీళ్ళకే. పైగా మన పెద్దవాళ్ళు పిన్ నంబరు ఫోన్ కవరు లోపల రాసుకుని, "నువ్వే చూసుకో నాయనా" అని మొత్తం చేతిలో పెట్టేస్తారు. ఓటీపీ మోసాలు జరుగుతున్న రోజుల్లో అది నమ్మకం కాదు, ప్రమాదం. ఉన్న ఒక్క శనివారం పిల్లల డ్రెస్సులు, సౌండు, డెకరేషన్‌తో సరిపోతుంది. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

అయినా కమిటీని అడుగుతున్నాను. డెకరేషన్ కమిటీ ఉంది, ఫుడ్ కమిటీ ఉంది, ఫొటో బూత్‌కి బడ్జెట్ ఉంది. ప్రతి కార్యక్రమంలో చెప్పులు విడిచేచోటు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వెయ్యండి. ఎటూ ముప్పావుగంట ఆలస్యం మన హక్కే కదా, ఆ ముప్పావుగంట చాలు. ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, మనం పక్కన కూర్చుని చెప్పాలి. పిన్ నంబరు, ఓటీపీ మనం చూడొద్దు, పైకి చదవనివ్వొద్దు. ఫ్యాక్టరీ రీసెట్ ఆ బల్ల మీద కుదరదు. తేలకపోతే తేలలేదని చెప్పి సర్వీస్ సెంటర్‌కి పంపుదాం. ఇంట్లో మూలపడ్డ 4జీ ఫోన్, మూసేసిన సిమ్ము ఉంటే పారెయ్యకుండా తెచ్చివ్వండి, పరీక్షకి కావాలి. దయచేసి మైకు మాత్రం ఆ బల్లకి దూరంగా పెట్టండి.

మొదటి అరగంట నేను కూర్చుంటాను. తర్వాతది యాంకర్ కుర్రాడు తీసుకున్నాడు, నేను అడక్కుండానే. మాస్టారిని పిలిచాను. లెక్కలైతే వస్తాను, ఫోన్లయితే మీరే చూసుకోండి అన్నారు గానీ వచ్చేట్టే ఉన్నారు. ట్రే తీసే పిన్నులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. నా దగ్గరున్నది ఒక్కటే, ఆ రోజు నేను బయల్దేరుతుంటే ఆయన కళ్ళజోడు పెట్టె తెరిచి ఇచ్చింది.