సవరణ: అనుకోకుండా వచ్చే రీలోడ్ ప్రాక్టీసు గురించి

పోయిన వారం పిస్టల్ రీలోడ్ (ఖాళీ మ్యాగజైన్ తీసి నిండినది పెట్టడం) గురించి రాస్తూ, మ్యాగజైన్‌లో, అంటే తూటాలు నింపే పెట్టెలో, మధ్యమధ్యలో డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటాలు కలిపితే రీలోడ్ ఎప్పుడు వస్తుందో మనకి తెలియకుండా ఉంటుందని చెప్పాను. అది తప్పు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మని ఆగుతుంది, స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) మూసే ఉంటుంది, అప్పుడు చేయాల్సింది మ్యాగజైన్ అడుగున గట్టిగా తట్టి స్లయిడ్ వెనక్కి లాగి వదలడం. అది పేలని తూటాని తీసేసే ప్రాక్టీసు, రీలోడ్ కాదు. నిజంగా తూటాలు అయిపోతే ఖాళీ మ్యాగజైన్ స్లయిడ్ స్టాప్‌ని (స్లయిడ్‌ని వెనకే పట్టి ఆపే చిన్న మీటని) పైకి నెడుతుంది, స్లయిడ్ వెనకే నిలబడిపోతుంది. చేతికి తెలియాల్సింది ఆ తేడానే.

కాబట్టి 15 తూటాలు పట్టే గ్లాక్ 19 పిస్టల్ మ్యాగజైన్లయినా సరే, ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 6, మరోదాంట్లో 3, ఇలా పక్కనున్న స్నేహితుడితో నింపించుకోండి, మీరు మాత్రం చూడకండి. బొటనవేలు స్లయిడ్ స్టాప్ మీద ఆనితే ఖాళీ అయినా స్లయిడ్ వెనక ఆగకపోవచ్చు, అదీ గమనించుకోండి.

ఇంకో మాట, ఇది మొదటే రాయాల్సింది, రాయనందుకు నిజంగా బాధగా ఉంది: మ్యాగజైన్ మార్చే హడావుడిలో కూడా వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, గొట్టం టార్గెట్ వైపే ఉండాలి.