ఫ్రేమ్‌వర్కుల్లోనూ ఆత్మగౌరవం

జాంగో 2005 నుంచి ఉంది, లారవెల్ 2011 నుంచి. రెండూ ఫ్రేమ్‌వర్కులే, అంటే వెబ్ సాఫ్ట్‌వేర్లన్నిటికీ కావాల్సిన కోడ్‌ని ముందే రాసిపెట్టిన సరంజామా. వేలమంది వాడి, పాడు చేసి, బాగు చేసి, మళ్లీ పాడు చేసిన సరుకు. అంత ఎంగిలి సరుకు క్లయింట్‌కి వడ్డిస్తామా? మాదాపూర్‌లో ఉన్నంత మాత్రాన మడి వదిలేస్తామా?

అందుకే మా ఆఫీసులో సొంత ఫ్రేమ్‌వర్క్ రాసుకున్నాం. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షావుకారు ఒకాయన స్టాకు లెక్కలకీ బిల్లులకీ చిన్న సాఫ్ట్‌వేర్ అడిగారు. జాంగోలో లాగిన్, అడ్మిన్ పేజీ ముందే అమర్చి ఉంటాయి. మేం లాగిన్‌కే నెలన్నర తీసుకున్నాం. జాంగో పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసి, అంటే వెనక్కి మార్చలేని గజిబిజి అక్షరాలుగా చేసి దాస్తుంది, ఎవరికీ కనబడదు. మేం ఉన్నదున్నట్టు దాచాం. గుమాస్తా మర్చిపోతే ఫోన్లోనే చదివి వినిపిస్తాం. ఈ సేవ ఏ ఫ్రేమ్‌వర్క్ ఇస్తుంది చెప్పండి?

ఓ రోజు ఆ గుమాస్తా పళ్లెం వెతుకుతూ 12 పక్కన అంగుళం గుర్తుగా రెండు గీతలు కొట్టాడు. డేటాబేస్‌ని సరుకు వివరాలు అడిగే మా ఎస్‌క్యూఎల్ క్వెరీ, ఆ గీతల్ని కొటేషన్ గుర్తు అనుకుని అక్కడే తెగిపోయింది. ఫ్రేమ్‌వర్కులైతే యూజర్ కొట్టినదాన్ని క్వెరీలో కలపకుండా విడిగా పంపుతాయి. అంత అంటరానితనం మాకు నచ్చదు. ఇకపై సెంటీమీటర్లే వాడాలని సర్క్యులర్ పంపాం. 1956లో మెట్రిక్ చట్టం వచ్చినా అంగుళం వదలని బజారు చేత మేం వదిలించాం.

నిజానికి అక్కడ మనం రాయాల్సింది ఒకటుంది. స్టీలు సామాను కొంత తూకం మీద, కొంత డజన్ల లెక్కన పోతుంది. ఆ చిక్కు లెక్క ఏ ఫ్రేమ్‌వర్కూ చేసిపెట్టదు. దానికి మాకు టైమ్ మిగల్లేదు.

జాంగో వచ్చినవాళ్లు అమీర్‌పేటలో ఎంతమందైనా దొరుకుతారు. మా ఫ్రేమ్‌వర్క్ వచ్చినవాడు ఒక్కడే, మా సీనియర్. డాక్యుమెంటేషన్ ఆయన బుర్రలో ఉండేది. నోటీస్ పీరియడ్ అయ్యాక బుర్రతో సహా వెళ్లిపోయాడు.

2025 సెప్టెంబర్ 22న వంటపాత్రల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ఆ 12ని కోడ్‌లో ఎక్కడెక్కడ రాశాడో తెలియక, కనబడ్డ ప్రతి 12నీ 5 చేశాం. అప్పట్నుంచి బిల్లులో డజను గ్లాసులంటే ఐదే.

షావుకారుగారు అటక మీంచి పాత బిల్లు పుస్తకం దింపించారు. కార్బన్ పేపర్ పెడితే మూడు కాపీలు వస్తున్నాయి, అంగుళం గుర్తు రాసినా కాగితం చిరగడం లేదు. మేం వెర్షన్ 2కి కొటేషన్ పంపాం.