ఏసీ రిమోటూ, కుర్సురా జలాంతర్గామీ

విశాఖలో ఎండని తిట్టేవాడు ఊరికి కొత్తవాడని అర్థం. ఇక్కడ మనిషిని చంపేది ఉక్క. ఒళ్లు తుడుచుకుంటుండగానే మళ్లీ స్నానం చేసినట్టుంటుంది. సిరిపురంలో బస్సు దిగి, రెండంతస్తులు ఎక్కి, సీట్లో కూలబడేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. అలాంటి నన్ను ఏసీకి ఆ చివర కూర్చోబెట్టారు. సరిగ్గా నడినెత్తిన గాలి కొట్టేచోట మా డిస్పాచ్ ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయనకి సైనసు. నాకు 18 కావాలి, ఆయనకి 27. మా ఇద్దరి స్వభావాల్లో ఏ లోపమూ లేదని ఇప్పటికీ నా నమ్మకం. తప్పంతా ఆ కుర్చీలు వేసినవాడిదే.

వేసవిలో ఓ రోజు మాటా మాటా పెరిగింది. "గురూ, నువ్వొచ్చేది ఆఫీసుకా, ఊటీకా?" అన్నాడాయన. "మే నెలలో మఫ్లరు చుట్టుకునేవాడివి, లంబసింగిలో ఉద్యోగం చూసుకోలేకపోయావా?" అన్నాను నేను. అంతే, మాటలు బంద్. మర్నాడు అందరికంటే ముందొచ్చి రిమోట్ ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తీరా బాత్రూంలోకి వెళ్లి చూసుకుంటే అందులో బ్యాటరీలు లేవు. ముందురోజు సాయంత్రమే 27 పెట్టేసి, ఆయన వాటిని పట్టుకుపోయాడు.

రిమోట్ నా దగ్గర, బ్యాటరీలు ఆయన దగ్గర. కొత్త బ్యాటరీలు కొనొచ్చు కదా అంటారేమో. కొని వేస్తే దొంగ నేనని తెలిసిపోదూ? ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఆఫీసంతా రిమోట్ పోయిందనే అనుకుంది. నేను మాత్రం రోజూ ఇంటి తాళాలతో పాటు దాన్నీ జేబులో వేసుకుని బయల్దేరేవాణ్ని. అదేం బుద్ధి అని మా ఆవిడ అడిగింది. ఆత్మాభిమానం అన్నాను.

మాటల్లేకపోయినా ఆఫీసు పని ఆగదుగా. మధ్యలో అటెండరు రాయబారి అయ్యాడు. బొబ్బిలి వైపు కుర్రాడు, బంగారం లాంటివాడు, కానీ ఒక మాట అప్పజెబితే అందులో కారం తీసేసి చేరవేస్తాడు. ఓసారి ఒళ్లు మండి, "ఇది ఆఫీసనుకుంటున్నాడా, ఇడ్లీ పాత్రనుకుంటున్నాడా? అడిగి రా" అన్నాను. వాడు వెళ్లి, "సార్, ఆ సారు మిమ్మల్ని ఇడ్లీ తింటారేటి అని అడుగుతన్నారు" అన్నాడు. డిస్పాచ్ ఆయన కాసేపు నోట మాట రాకుండా ఉండిపోయి, "తినే వచ్చానని చెప్పు" అన్నాడు. ఆ మధ్యాహ్నం నా బల్ల మీద వాళ్లింటి ఆవకాయ సీసా కనబడింది. ఇది మాత్రం వాడి సృష్టి కాదు. తిన్నాను, బావుంది. థాంక్స్ చెప్పలేదు, చెప్పడానికి మాటల్లేవుగా.

ఇంతలో హెచ్ఆర్‌కి హైదరాబాద్ నుంచి కొత్తమ్మాయి వచ్చింది. వారం తిరక్కుండానే గాలి ఎటు వీస్తోందో, అసలు ఎందుకు వీయడం లేదో పసిగట్టేసింది. "శనివారం అందరం బీచ్‌రోడ్డుకి వెళ్తున్నాం, టీమ్ బిల్డింగ్" అంది. జంటలు చదివింది. నా జంట ఎవరో చెప్పక్కర్లేదు. ఒక్కో జంటకి ఒక్కో కాగితం ఇచ్చింది: అవతలివాళ్లలో మీకు నచ్చిన మూడు గుణాలు రాయాలట. నేను "1." అని వేసి, చుక్కని ఎంతసేపు దిద్దానో.

ఆర్కే బీచ్‌లో కుర్సురా ఎదురుగా ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నా నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదు. ఊళ్లోవాళ్లం అంతే, చుట్టాలొస్తేనే చూస్తాం. గైడుగా వచ్చింది నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరిందనీ, 1971 యుద్ధంలో పాల్గొందనీ, 2001లో విరమించిందనీ, ఆ మరుసటి ఏడాదే దీన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారనీ చెప్పాడు. పొడవు 91 మీటర్లు, అందులో 75 మంది. ఒకరు పక్కకి తిరగాలంటే ఇంకొకరు ఊపిరి బిగబట్టాలి. "వాళ్లు గొడవలు పడేవారు కాదా అండీ?" అని హెచ్ఆర్ అమ్మాయి మా వైపు చూస్తూ అడిగింది. "పడితే ఎక్కడికి పోతారమ్మా, తలుపు తీస్తే సముద్రం" అన్నాడాయన. "నీళ్లలో మునిగాక డీజిల్ ఇంజన్లు ఆపేసేవాళ్లం. అప్పుడంతా బ్యాటరీలే. బ్యాటరీలు లేకపోతే ఇది ఉత్త ఇనప్పెట్టె."

నేను డిస్పాచ్ ఆయన చొక్కా జేబు వైపు చూశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులుంటాయి. తలుపులంటే తలుపులు కావు, గోడలో కన్నాలు. ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలని గైడు చేసి చూపించాడు. డిస్పాచ్ ఆయన సన్నగా ఉంటాడు కాబట్టి పాములా జారిపోయాడు. నేను ముందు తల పెట్టాను. తలా భుజాలూ అటు వచ్చాయి. పొట్ట కూడా, మా ఆవిడ మాటల్ని అబద్ధం చేస్తూ, ఎలాగో వచ్చింది. నడుం దగ్గర కుడివైపు ఏదో గట్టిగా పట్టేసింది. ముందుకి పోను, వెనక్కి రాను. నా వెనకాల శ్రీకాకుళం నుంచి ఎక్స్‌కర్షన్‌కి వచ్చిన బడి పిల్లలు. "ఏటైందిరా?" "ముందర అంకులు ఇరుక్కున్నాడ్రా!" ఆ వార్త గదులన్నీ దాటి వెనక టార్పెడోల దాకా వెళ్లిపోయింది.

అప్పుడు నా మొహానికి జానెడు దూరంలో డిస్పాచ్ ఆయన మొహం వచ్చింది. నాలుగు నెలల తర్వాత మొదటి మాట: "గురూ, ఊపిరి వదిలెయ్." వదిలేశాను. రెండు చంకల్లో చేతులేసి లాగాడు. అవతల ఇద్దరం ఒకరి మీద ఒకరం పడ్డాం. మాతో పాటు నా జేబులోంచి తెల్లటిదేదో ఎగిరి, టంగుమని ఇనప నేల మీద పడింది.

అందరూ చూశారు. ఒక గుంటడు దాన్ని తీసి గైడుకిస్తూ, "తాతా, సబ్‌మెరైన్ నడిపీది దీంతోనేనా?" అన్నాడు. గైడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా రోజుల్లో ఇది లేదు బాబూ" అన్నాడు.

మేనేజరు నోరు తెరిచేలోపే డిస్పాచ్ ఆయన జేబులోంచి రెండు బ్యాటరీలు తీసి చూపించాడు. తప్పు ఇద్దరిదీ అని ఒప్పుకోవడానికా, రిమోట్ పనిచేస్తోందో లేదో చూడ్డానికా అన్నది నాకిప్పటికీ తెలీదు. వేసి నొక్కి చూశాం. దెబ్బకి అద్దం పగిలిపోయి ఉంది, ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

బయటికొచ్చి ఇద్దరం చెరో మురీ మిక్చరు పొట్లం తీసుకుని ఇసకలో కూర్చున్నాం. "ఆవకాయ బావుంది" అన్నాను. "జూన్‌లో ఇచ్చాను" అన్నాడు. ఆయన కాగితం తొంగి చూశాను. "1. ఇడ్లీ తిన్నావా అని అడిగే మనిషి" అని రాసుంది. నా కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

సోమవారం అటెండరు కుర్చీ ఎక్కి ఏసీకున్న మీట నొక్కాడు. 24 దగ్గర మొదలైంది. 2020 నుంచీ స్టార్ ముద్ర ఉన్న గది ఏసీలు ఆ అంకె మీదే తయారై రావాలని కేంద్రం రూలట. 18కీ 27కీ మధ్యన ఢిల్లీవాడు ఎప్పుడో రాజీ కుదిర్చేశాడు, మాకే తెలీదు. మేనేజరు కొత్త రిమోట్ కొని, మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, దాన్ని అటెండరు చేతికిచ్చాడు. వాడు దానికి దారం కట్టి మెళ్లో వేసుకున్నాడు.

మొన్న ఉక్కపోత భరించలేక, 24ని 22 చేయించుకుందామని నేనూ డిస్పాచ్ ఆయనా కలిసే వాడి దగ్గరికి వెళ్లాం. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం కదా, కాదనడులే అని ధీమా. వాడు దారం సర్దుకుని, మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఏటి సార్, ఇడ్లీ తింటారా?" అన్నాడు.