స్పాంజిని తెల్లగా కడిగితే అమోనియా తగ్గదు

"చేపల తొట్టిలో అమోనియా పెరిగిందా? నీళ్లన్నీ పారబోయండి. రాళ్లు, ఫిల్టరు స్పాంజి కుళాయి కింద తెల్లగా కడగండి. కొత్త నీళ్లు నింపి గుప్పెడు కల్లుప్పు వేయండి. నీరు తేటగా ఉంటే ఇక భయం లేదు." వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సలహాను మా మేనల్లుడు పొల్లు పోకుండా పాటించాడు. నాలుగో రోజుకు అతని రెండు గోల్డ్‌ఫిష్‌లూ నీటి పైకి వచ్చి నోరు తెరిచి ఊపిరికి కొట్టుకుంటున్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. అమోనియా పరీక్ష మందు కలిపిన గొట్టంలో పసుపుగా ఉండాల్సిన నీరు ముదురు ఆకుపచ్చగా మారింది.

ఈ సలహాలో అన్నిటికంటే పెద్ద తప్పు స్పాంజి దగ్గరే ఉంది. చేపలు మొప్పల ద్వారా అమోనియాను వదులుతూనే ఉంటాయి. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ఖర్చు చేసేది స్పాంజిని, రాళ్లను అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా. ఒక రకం అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మురికి అనుకుని మనం క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో పిండేసే ఆ గోధుమరంగు జిగురులోనే అవి ఉన్నాయి! తొట్టి నీళ్లే బక్కెట్టులోకి తీసి, స్పాంజిని అందులో రెండు మూడుసార్లు మెల్లగా పిండండి. నీరు ధారాళంగా పారితే చాలు, తెల్లబడనక్కర్లేదు.

నీళ్లన్నీ మార్చడమూ పొరపాటే. పరీక్షలో కనిపించే అంకెలో అంతగా హాని లేని అమోనియం, అసలు విషమైన అమోనియా రెండూ కలిసి ఉంటాయి. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) 7 అయితే విషభాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఐదు వంతులు దాటుతుంది. బాక్టీరియా పోయిన తొట్టిని పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్లతో నింపితే, మళ్లీ పోగయ్యే అమోనియా ఎన్నో రెట్లు కాటేస్తుంది. రోజుకు మూడోవంతు నీళ్లు మార్చండి, అదీ క్లోరిన్ తీసిన నీళ్లతో. పోయబోయే నీళ్లనూ ఒకసారి పరీక్షించండి, కొన్ని బోర్లలో అమోనియా ముందే ఉంటుంది.

ఉప్పు నైట్రైటు నుంచి చేపను కొంత కాపాడుతుంది, అమోనియాను తీసేయదు. ఫిల్టరులో జియోలైట్ అనే ఖనిజం ఉంటే, అది పట్టి ఉంచిన అమోనియాను ఉప్పు తిరిగి నీళ్లలోకి వదిలిస్తుంది. ఇక తేటదనమంటారా, అమోనియాకు రంగే లేదు.

మేనల్లుడి చేత రెండు రోజులు మేత ఆపించాను, గాలి పంపు పెట్టించాను, రోజూ మూడోవంతు నీళ్లు మార్పించాను. నా పాత తొట్టి స్పాంజిలో సగం కోసి అతని ఫిల్టరులో పెట్టాను. తొమ్మిదో రోజు గొట్టం పసుపు రంగుకు వచ్చింది. అప్పటికి ఒక చేపే మిగిలింది.